నీటికి ధర కట్టేదెవరు?

తాగునీటిని గాని విద్యుత్తును గాని ఇంటింటికీ చేర్చే సంస్థ ఒక ఊరికి సాధారణంగా ఒక్కటే ఉంటుంది. ఒకే వీధిలో రెండు సంస్థలు రెండు వరుసల గొట్టాలు పరచి పోటీపడి నీళ్లు అమ్మినందువల్ల ఖర్చు రెట్టింపు కావడమే తప్ప ఎవరికీ మేలు ఉండదు కనుక, ఇటువంటి సేవలలో గుత్తాధిపత్యం తప్పదని అర్థశాస్త్రజ్ఞులు అంగీకరిస్తారు. దానిని సహజ గుత్తాధిపత్యం అని పిలుస్తారు. బియ్యం ధర ఎక్కువనిపిస్తే పక్క అంగడికి పోగలిగిన మనిషికి, నీటి ధర పెరిగినప్పుడు పోవడానికి వేరే కుళాయి లేదు, నీళ్లు మానుకునే వీలూ లేదు. అందువల్ల అమ్మే సంస్థ తనకు తోచిన ధర వేయకుండా, పెంపు కావాలనుకున్నప్పుడు తన ఆదాయవ్యయాల లెక్కలను ఒక స్వతంత్ర అధికార సంస్థ ముందు పెట్టి, బిల్లు కట్టేవారి అభ్యంతరాలకు సమాధానం చెప్పి, అనుమతి వచ్చాకనే వసూలు చేసుకోవాలన్న పద్ధతి గత నూరేళ్లకు పైగా అనేక దేశాలలో స్థిరపడింది. అనుమతినిచ్చే ఆ సంస్థను నియంత్రణ మండలి అంటారు. పెంపు కోరుతూ దాఖలయ్యే దరఖాస్తును, దానిపై జరిగే విచారణను కలిపి అమెరికాలో రేటు కేసు అంటారు.

రాయలసీమకు ఈ విషయంతో ఉన్న సంబంధం చాలామంది అనుకునేదానికంటే దగ్గరిది. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి కార్యాలయం 2023 ఆగస్టులో హైదరాబాదు నుంచి కర్నూలుకు తరలివచ్చింది. రాష్ట్రంలో కరెంటు ధర పెంచాలనుకునే ప్రతి పంపిణీ సంస్థా కర్నూలులో దిన్నెదేవరపాడు దారిన ఉన్న ఆ భవనానికి కాగితాలు పంపుకోవలసిందే. నీటి విషయంలో మాత్రం కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల రైతుకు గాని, పట్టణవాసికి గాని, అహోబిలం వంటి క్షేత్రంలో కుళాయి ఉన్న గృహస్థుకు గాని అటువంటి విచారణ వేదిక లేదు. నీటి ధర ఒకచోట ప్రభుత్వ ఉత్తర్వుతో, ఒకచోట పురపాలక తీర్మానంతో, ఇంకొకచోట పంచాయతీ మాటతో మారిపోతుంది. ఆ మార్పుకు ఆధారమైన లెక్క ఏమిటో కట్టేవారికి తెలిసే మార్గం బహు తక్కువ. నీరు అన్నిటికంటే అపురూపమైన ఈ నేలమీదనే నీటి లెక్క అన్నిటికంటే మరుగున ఉండడం గట్టిగా ప్రశ్నించవలసిన విషయం.

ప్రైవేటు కంపెనీ నీళ్లమ్మే వ్యవహారం సీమకు కొత్త కాదు. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట వద్ద మొదలై కర్నూలు, నంద్యాల ప్రాంతాల మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగే కర్నూలు–కడప కాలువను, అంటే జనం నోట కె.సి. కెనాల్‌ను, మొదట తవ్వించింది ప్రభుత్వం కాదు. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో 1850ల చివర లండనులో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, సాగుకూ పడవల రాకపోకలకూ పనికివచ్చేలా ఈ కాలువను 1860లలో తవ్వించింది. పది లక్షల పౌన్ల పెట్టుబడిపై నూటికి 5 వంతుల వడ్డీ చెల్లించే పూచీని ప్రభుత్వం తీసుకున్నది. అనగా కాలువలో నీళ్లు పారినా పారకున్నా, రైతు కొన్నా కొనకున్నా, లండనులోని వాటాదారుకు ఏటా వడ్డీ అందుతుంది. తక్కువ పడిన సొమ్ము ఈ దేశపు ఖజానా నుంచి, చివరకు ఈ దేశపు రైతు కట్టిన శిస్తు నుంచి పోతుంది.

అటువంటి పూచీ ఉన్నచోట ఖర్చు తగ్గించుకోవాలన్న తొందర, రైతుకు ఏమి కావాలో ముందుగా కనుక్కోవాలన్న పట్టుదల సన్నగిల్లుతాయి. కాలువ ఖర్చు అంచనాలను దాటిపోయింది. కాలువ కింది భూమిలో అధికభాగం తేమను చాలాకాలం పట్టి ఉంచే నల్లరేగడి. అందులో జొన్న, పత్తి వంటి మెట్టపైర్లను వానల మీదనే పండించుకునే రైతు, ఎకరాకు ఇంతని డబ్బు కట్టి నీళ్లు తీసుకుని వరికి మారడానికి ఒప్పుకోలేదు. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే చేను పాడవుతుందన్న భయం కూడా అతనికి ఉండేది, అది ఆధారంలేని భయమూ కాదు. 1876–78 నాటి ధాత కరువులో మాత్రం గత్యంతరం లేక కాలువ నీటికి రైతులు ఎగబడ్డారు. వానలు మళ్లీ కురవగానే చాలామంది మెట్టసేద్యానికి తిరిగిపోయారు. కరువేడు తప్ప తక్కిన ఏళ్లలో కొనేవారు లేని సరుకును అమ్మబోయిన కంపెనీ అప్పులలో కూరుకుపోగా, 1882లో ప్రభుత్వం సుమారు 3.02 కోట్ల రూపాయలు చెల్లించి కాలువను స్వాధీనం చేసుకున్నది. పడవలు 1933 దాకా తిరిగి ఆగిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో రైతుల సేద్యపు తీరు మారి వరి విస్తరించాక ఇదే కాలువ సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టుకు ప్రాణాధారమైంది; 1990లలో జపాను రుణంతో దాని ఆధునికీకరణ మొదలైంది.

ఆ కంపెనీ కథలో లోపించినదేమిటో ఆలోచిస్తే నియంత్రణ అవసరం తేలికగా బోధపడుతుంది. పెట్టుబడిదారుకు రాబడి పూచీ ఉన్నది. ఆ రాబడికి తగిన సేవ జరిగిందా, పెట్టిన ఖర్చు అవసరమైనదేనా, కొనేవాడికి ఆ ధర తాళుతుందా అని మూడు పక్షాలనూ కూర్చోబెట్టి విచారించే వ్యవస్థ లేదు. తరువాతి కాలంలో అమెరికాలో రూపుదిద్దుకున్న విధానం సరిగ్గా ఈ మూడు ప్రశ్నల చుట్టూ అల్లుకున్నది. 1907లో విస్కాన్సిన్, న్యూయార్క్ రాష్ట్రాలు ప్రజోపయోగ సేవల ధరలను విచారించే కమిషన్లను నెలకొల్పగా, క్రమంగా తక్కిన రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. 1923లో బ్లూఫీల్డ్ అనే ఊరి నీటి కంపెనీకీ వెస్ట్ వర్జీనియా కమిషన్‌కూ మధ్య నడిచిన వ్యాజ్యంలో ఆ దేశపు సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నేటికీ ప్రమాణంగా ఉన్నది. కంపెనీకి లభించే రాబడి, అంతే నష్టభయం ఉన్న ఇతర వ్యాపారాలలో దొరికేదానికి దీటుగా ఉండాలనీ, కొత్త పెట్టుబడి పుట్టేంత ఉండాలనీ, అయితే జూదప్రాయమైన వ్యాపారాలలో వచ్చే అధికలాభాన్ని కోరే హక్కు దానికి లేదనీ ఆ తీర్పు సారాంశం.

దరఖాస్తు చేసే సంస్థ ముందుగా తేల్చవలసినది తనకు ఏడాదికి ఎంత రాబడి అవసరమన్నది. పంపులు తిప్పే కరెంటు, సిబ్బంది జీతాలు, క్లోరిన్, మరమ్మతులు నిర్వహణ ఖర్చు కింద వస్తాయి. గొట్టాలు, ట్యాంకులు, మోటార్లు ఏటా కొంత అరిగి విలువ కోల్పోతాయి. ఆ అరుగుదలను తరుగుదల అనే పద్దులో రాస్తారు. పెట్టిన మొత్తం పెట్టుబడి నుంచి అంతవరకు జరిగిన తరుగుదలను తీసివేయగా మిగిలిన విలువ మీద మాత్రమే సంస్థకు వడ్డీవంటి ప్రతిఫలం ఇస్తారు. ఆ మిగిలిన విలువను ధరల ఆధారం అనవచ్చు. వీటన్నిటి మొత్తమే సంవత్సరపు ఆదాయ అవసరం. ఇందుకోసం ఒక పన్నెండు నెలల కాలాన్ని ప్రమాణంగా ఎంచి, ఆ ఏడాది లెక్కలను పరీక్షకు పెడతారు. ఆదాయ అవసరానికీ ప్రస్తుత ధరల మీద వస్తున్న వసూలుకూ మధ్య తేడాయే పెంపుకు అసలు కారణం.

ఊహకు ఒక చిన్న ఊరి పథకాన్ని తీసుకుందాము. పెట్టుబడి 3 కోట్ల రూపాయలు, ఇప్పటిదాకా తరుగుదల ఒక కోటి, కనుక ధరల ఆధారం 2 కోట్లు. దానిపై నూటికి 8 వంతుల ప్రతిఫలం అడిగితే 16 లక్షలు. 30 ఏళ్ల ఆయుర్దాయం చొప్పున ఏటి తరుగుదల 10 లక్షలు. నిర్వహణ 34 లక్షలు. మొత్తం 60 లక్షలు. ఊళ్లో 2,500 కుళాయిలు ఉంటే నెలకు కుళాయికి 200 రూపాయలు రావాలి. ఇప్పుడు 150 చొప్పున 45 లక్షలే వస్తున్నాయి కనుక సంస్థ 50 రూపాయల పెంపు కోరుతుంది. విచారణలో, ఆ పెట్టుబడిలో పెద్దభాగం చవక వడ్డీకి వచ్చిన ప్రభుత్వ రుణమని తేలి ప్రతిఫలాన్ని 6 వంతులకు తగ్గిస్తే 4 లక్షలు తగ్గుతాయి. పగిలిన గొట్టాల నుంచి కారిపోతున్న నీటిని ఎత్తిపోయడానికయిన కరెంటు ఖర్చును వినియోగదారు నెత్తిన వేయరాదని నిర్ణయించి మరో 5 లక్షలు కొట్టివేస్తే ఆదాయ అవసరం 51 లక్షలకు దిగుతుంది, కుళాయికి 170 రూపాయలు. అడిగింది 50, దక్కింది 20. ఈ అంకెలు కేవలం వివరణకు వేసుకున్నవే అయినా, ఏ రేటు కేసులోనైనా జరిగే వాదమంతా ఇటువంటి కొట్టివేతల చుట్టూనే తిరుగుతుంది.

తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన న్యూజెర్సీలో ఈ తంతు వారి ఇంటి బిల్లులోనే కనబడుతుంది. ఎడిసన్, వుడ్‌బ్రిడ్జ్ ప్రాంతాలలో కొంతభాగానికి నీళ్లందించే మిడిల్‌సెక్స్ వాటర్ కంపెనీ 1897లో పుట్టిన ప్రైవేటు సంస్థ. దాని ప్రధాన కార్యాలయం ఐసెలిన్‌లో, అంటే భారతీయ అంగళ్లతో కళకళలాడే ఓక్ ట్రీ రోడ్డుకు చేరువలో ఉన్నది. ఈ కంపెనీ ధర పెంచదలిస్తే రాష్ట్ర ప్రజోపయోగ సేవల బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి, వినియోగదారులకు నోటీసు ఇవ్వాలి, బహిరంగ విచారణకు నిలబడాలి. అక్కడి ఏర్పాటులో మెచ్చుకోదగిన అంశం ఒకటి ఉన్నది: బిల్లు కట్టేవారి పక్షాన వాదించడానికి రేట్ కౌన్సెల్ అనే ప్రభుత్వ విభాగం తన సొంత న్యాయవాదులతో, లెక్కల నిపుణులతో ప్రతి కేసులోనూ ఎదురు నిలుస్తుంది. వేల పుటల లెక్కలను సామాన్యుడు చదవలేడు కనుక, అతని తరఫున చదివే మనిషిని ప్రభుత్వమే నియమించింది.

మన రాష్ట్రంలో ఈ పద్ధతికి దగ్గరి ఉదాహరణ విద్యుత్తులోనే ఉన్నది. 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టం కింద 1999లో నియంత్రణ మండలి ఏర్పడింది. దేశమంతటికీ వర్తించే 2003 విద్యుత్ చట్టం దాని విధులను ఖరారు చేసింది. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలకు కరెంటు పంచే సంస్థ తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ, అనగా ఎస్పీడీసీఎల్. అది తరువాతి ఆర్థిక సంవత్సరానికి కావలసిన ఆదాయ అంచనాను మామూలుగా నవంబరు ఆఖరుకల్లా మండలికి దాఖలు చేస్తుంది. దరఖాస్తు సారాంశాన్ని పత్రికలలో ప్రకటించాలి. అభ్యంతరాలు ఉన్నవారు గడువులోగా రాతపూర్వకంగా పంపితే సంస్థ ఒక్కొక్కదానికి జవాబివ్వాలి. మండలి బహిరంగ విచారణ జరపాలి. దరఖాస్తు అందిన 120 రోజులలో ఉత్తర్వు ఇవ్వాలి. సర్వసాధారణంగా ధరలను ఏడాదికి ఒకసారికి మించి మార్చరాదన్నది చట్టం. ఇంధన సర్దుబాటుకు మాత్రం మినహాయింపు ఉన్నది.

ఆ ఉత్తర్వు పుస్తకాన్ని తెరిచి చూసినవారికి ఒక విశేషం కనబడుతుంది. ఒక రైతు సంఘమో, చిన్న పరిశ్రమల సంఘమో, మామూలు గృహస్థో లేవనెత్తిన అభ్యంతరాన్ని ముందు సంక్షిప్తంగా అచ్చువేస్తారు; దాని కింద పంపిణీ సంస్థ ఇచ్చిన జవాబు ఉంటుంది; దాని కింద మండలి అభిప్రాయం ఉంటుంది. అభ్యంతరాన్ని అంగీకరించకపోయినా, ఎందుకు అంగీకరించలేదో కారణం చెప్పక తప్పదు. ఇంకా ముఖ్యమైనది, మండలి మొదట సబ్సిడీ అన్న మాటే లేకుండా ఒక్కొక్క తరగతి వినియోగదారుకు నిజంగా ఎంత ధర పడుతుందో లెక్కకట్టి, పూర్తి ఖర్చు రాబట్టే ధరల పట్టికను తయారుచేస్తుంది. తరువాత ప్రభుత్వం ఫలానా వర్గానికి తక్కువ ధరకు ఇవ్వాలనుకుంటే, చట్టంలోని 65వ సెక్షను ప్రకారం ఆ తేడా సొమ్మును ముందుగా పంపిణీ సంస్థకు చెల్లించాలి. దీనివల్ల రాయితీ ఎవరికి ఎంత దక్కుతున్నదో, అది ఎవరి జేబులో నుంచి వస్తున్నదో కాగితం మీద తేలుతుంది. మండలి ఉత్తర్వు నచ్చనివారు ఢిల్లీలోని అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

మండలి అడిగినంతా ఇవ్వదనడానికి ఇటీవలి నిదర్శనం ఉన్నది. 2022–23లో అంచనాకు మించి పెరిగిన విద్యుత్ కొనుగోలు ఖర్చును తరువాత వినియోగదారుల నుంచి రాబట్టుకోవడానికి పంపిణీ సంస్థలు సుమారు 8,114 కోట్ల రూపాయలకు అనుమతి కోరగా, 2024లో మండలి సుమారు 6,073 కోట్లకే అనుమతించింది. ఇలా గడిచిపోయిన ఏటి తేడాను వెనుకటికి లెక్కకట్టి వసూలు చేయడాన్ని ట్రూఅప్ అంటారు. బిల్లులో విడిగా కనబడి జనానికి కంటగింపైన పద్దు ఇదే. రెండు వేల కోట్లు తగ్గినా ఆరువేల కోట్ల భారం ప్రజలపై పడిందన్నది నిజమే. అయితే ఆ రెండువేల కోట్ల కోత ప్రశ్నించే వేదిక ఉన్నందువల్లనే సాధ్యమైంది. 

విచారణ జరిగినంత మాత్రాన ప్రజల సమ్మతి లభించినట్లు కాదని కూడా ఈ రాష్ట్రానికి చేదు అనుభవం చెప్పింది. మండలి తొలి ధరల ఉత్తర్వు 2000 మేలో వెలువడగా, చార్జీల పెంపుకు వ్యతిరేకంగా లేచిన ఉద్యమం ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు దారితీసి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. లెక్క ఎంత సక్రమంగా వేసినా, సంవత్సరాల తరబడి పెంచకుండా దాచిన భారాన్ని ఒక్కసారిగా దించితే కుటుంబాలు తట్టుకోలేవు. చిన్నచిన్న మెట్లుగా, ముందే చెప్పి పెంచాలన్న సూత్రం ఆ నెత్తుటి అనుభవం నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

సీమలో నీటి ధరకూ ఈ కరెంటు ఉత్తర్వుకూ విడదీయరాని ముడి ఉన్నది. కాలువ చేరని మెట్టప్రాంతంలో సేద్యమంతా బోరుబావుల మీదనే నడుస్తుంది. బోరులో నీటికి వేరే ధర లేదు, దానిని పైకి తెచ్చే కరెంటు ధరే దాని ధర. 2004లో మొదలైన ఉచిత విద్యుత్తు వల్ల రైతు కట్టేది దాదాపు శూన్యమయినా, ఆ యూనిట్ల ఖర్చు మండలి లెక్కలో చేరి సబ్సిడీ రూపంలో ఖజానా నుంచి వస్తుంది. శ్రీశైలం వెనుకజలాలను మాల్యాల వద్ద నుంచి మెట్టుమెట్టుగా ఎత్తిపోసి అనంతపురం దాకా తీసుకుపోయే హంద్రీ–నీవా పథకంలో పంపుల కరెంటే నిర్వహణ ఖర్చులో సింహభాగం. మండలి ధరల పట్టికలో ఎత్తిపోతల పథకాలకు, తాగునీటి పథకాలకు ప్రత్యేక వరుసలు ఉంటాయి. ఆ వరుసలోని యూనిట్ ధర మారినప్పుడల్లా పంచాయతీ పంపు బిల్లు మారుతుంది, పంచాయతీ బకాయి పడుతుంది, బకాయి పెరిగితే పంపు ఆగే ప్రమాదం ముంచుకొస్తుంది. కరెంటు విచారణలో తాగునీటి పథకాల తరఫున ఒక్క సర్పంచ్ అయినా లేచి మాట్లాడితే అది నేరుగా నీటి ధరపై చేసిన వాదన అవుతుంది. ఈ సంగతి గ్రామాలకు తెలియజెప్పినవారు తక్కువ.

నీటికి నేరుగా వేసే రేటు మాత్రం వేరే దారిలో నిర్ణయమవుతూ వచ్చింది. కాలువ కింద సాగుకు వసూలు చేసే నీటి తీరువాకు మూలం 1865 నాటి మద్రాసు చట్టం. దాని స్థానంలో 1988లో రాష్ట్రం నీటిపన్ను చట్టం చేసింది. 1996లో మొదటి వరిపంటకు ఎకరాకు 200 రూపాయలుగా, అంటే అంతకుముందున్న రేటుకు మూడింతలకు పైగా, ప్రభుత్వం ఒక్క దెబ్బతో పెంచింది. మరుసటి ఏడాది రైతుల యాజమాన్య చట్టం తెచ్చి సాగునీటి సంఘాలకు ఎన్నికలు జరిపి, వసూలైన పన్నులో కొంత వాటా కాలువల మరమ్మతుకు సంఘాలకే తిరిగి ఇచ్చే ఏర్పాటు చేయడం ఈ దేశంలో చెప్పుకోదగిన ముందడుగు. అయినా రేటును నిర్ణయించడంలో ఆ సంఘాలకు మాట లేదు. ఒక్కసారి మూడింతలైన రేటు ఆ తరువాత దశాబ్దాల తరబడి కదలలేదు; ధరలు పెరుగుతుంటే కదలని రేటు ఏటికేడు కరిగిపోతుంది, కాలువలో పూడిక మాత్రం పెరుగుతుంది, చివరి భూములకు నీళ్లు చేరవు. పెంచకపోవడం దయగా కనబడినా ఆ దయకు మూల్యం చెల్లించేది కాలువ చివరనున్న రైతే.

పట్టణాల విషయం చూస్తే, కోవిడ్ కాలంలో 2020 మేలో కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పు తెచ్చుకునే వెసులుబాటు కల్పించినప్పుడు, దానిలో కొంత భాగానికి పట్టణ సంస్కరణలను షరతుగా పెట్టింది. ఆస్తిపన్నుకు కనీస రేట్లు ప్రకటించడం, నీటికీ మురుగునీటి పారుదలకూ ప్రస్తుత ఖర్చును ప్రతిబింబించే కనీస చార్జీలు ప్రకటించడం అందులో భాగం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే ఏడాది నవంబరులో ఉత్తర్వులు వెలువరించి ఈ షరతును నెరవేర్చింది; మధ్యప్రదేశ్‌తో పాటు ఈ సంస్కరణను ముందుగా పూర్తిచేసిన రాష్ట్రంగా 2021 జనవరిలో కేంద్రం ప్రకటించి, 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతినిచ్చింది. నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో కుళాయి చార్జీ మారడానికి ప్రేరణ ఆ ఊరి పంపుల ఖర్చు కంటే రాష్ట్రపు అప్పు పరిమితిలో ఉన్నదని దీనివల్ల స్పష్టమవుతుంది. ఖర్చుకు తగిన చార్జీ ఉండాలన్న సూత్రంలో తప్పులేదు. అయితే ఖర్చు ఎంతో తేల్చవలసినది ఎవరు? నీళ్లిచ్చే పురపాలక సంఘమే రేటు వేసి, అభ్యంతరాలను తానే స్వీకరించి, తీర్పు కూడా తానే చెప్పుకున్నప్పుడు, వాదికీ న్యాయమూర్తికీ తేడా చెరిగిపోతుంది.

నీటికి కూడా నియంత్రణ మండలి ఉండాలన్న ఆలోచన రాకపోలేదు. మహారాష్ట్ర 2005లో చట్టం చేసి జలవనరుల నియంత్రణ సంస్థను నెలకొల్పింది. సాగుకు, తాగునీటికి, పరిశ్రమలకు జలాశయాల నుంచి టోకున ఇచ్చే నీటికి అది ప్రాంతాలవారీ చర్చలు జరిపి ధరలు ప్రకటిస్తున్నది. పదమూడవ ఆర్థిక సంఘం ఇటువంటి సంస్థలు పెట్టుకున్న రాష్ట్రాలకు ప్రోత్సాహకంగా 5,000 కోట్ల రూపాయల గ్రాంటును సిఫారసు చేసింది. 2012 జాతీయ జలవిధానమూ ప్రతి రాష్ట్రంలో అటువంటి సంస్థ ఉండాలన్నది. ఆంధ్రప్రదేశ్ కూడా 2009లో జలవనరుల నియంత్రణ కమిషన్ చట్టం చేసింది. కాని కరెంటుకు ఉన్నట్లుగా ఏటేటా పత్రికా ప్రకటన వేసి, జనాన్ని పిలిచి, నీటి ఖర్చును విచారించే అలవాటు ఆ చట్టం నుంచి పుట్టలేదు.

నియంత్రణ అంటే చివరకు నీటిని సరుకుగా మార్చి ధర పెంచడానికి వేసే ముసుగు అని రైతు సంఘాలు వ్యక్తంచేసే భయాన్ని కొట్టిపారేయకూడదు. 1989లో నీటి సంస్థలను పూర్తిగా ప్రైవేటుకు అమ్మివేసిన ఇంగ్లండులో ఆఫ్‌వాట్ అనే నియంత్రణ సంస్థ అయిదేళ్లకొకసారి ధరలు నిర్ణయిస్తూ వచ్చింది. కంపెనీలు వాటాదారులకు లాభాలు పంచుతూ అప్పులు పెంచుకుంటూ, నదులలోకి మురుగు వదులుతుంటే అది అడ్డుకోలేకపోయిందన్న విమర్శ బలపడింది. 2024 డిసెంబరులో ఇంగ్లండు, వేల్సులలో సగటు బిల్లు అయిదేళ్లలో 36 శాతం పెరగడానికి అనుమతి లభించింది. అదీ చాలదని అయిదు కంపెనీలు పైవిచారణ కోరాయి. చివరకు 2025 జూలైలో ఆఫ్‌వాట్‌నే రద్దు చేస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. సంస్థ ఉండడం ఎంత ముఖ్యమో, అది లెక్కలను అదే పనిగా తవ్వి చూడడం అంతకంటే ముఖ్యమని ఆ దేశం ఆలస్యంగా గ్రహించింది. సీమలో నీటి సరఫరా ప్రభుత్వం, పంచాయతీల చేతిలోనే ఉన్నది, ఉండాలి కూడా. విచారణ కావాలనడం అమ్మకం కావాలనడం కాదు.

నల్లమల అడుగున ఉన్న అహోబిలంలో ఈ ప్రశ్న తనదైన రూపం తీసుకుంటుంది. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలోని ఈ గ్రామంలో ఎగువ, దిగువ క్షేత్రాలూ నవనారసింహుల ఆలయాలూ ఉన్నందువల్ల, స్థిరనివాసుల అవసరం ఒక ఎత్తయితే ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలకు వచ్చే యాత్రికుల అవసరం ఇంకొక ఎత్తు. ట్యాంకు, పంపు, గొట్టం పరిమాణాన్ని నిర్ణయించేది ఏడాది సగటు వాడకం కాదు, అత్యధిక రద్దీ ఉన్న రోజుల వాడకం. దీనిని గరిష్ఠ అవసరం అంటారు. ఆ కొద్ది రోజులకోసం కట్టిన పెద్ద ట్యాంకు ఖర్చును మిగతా ఏడాదంతా ఆ ఊరి కూలిమనిషి ఇంటి కుళాయి మీద వేయడం న్యాయమా, లేక సత్రాల మీద, హోటళ్ల మీద, యాత్రికుల వాహనాల రుసుము మీద వేయాలా అన్నది ధరల విచారణలలో అత్యంత సున్నితమైన ఘట్టం. ఖర్చుకు ఎవరు కారణమో వారే భరించాలన్న సూత్రం ప్రకారం రెండవదే సమంజసం.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్‌జీవన్ మిషన్ ప్రతి గ్రామీణ గృహానికి తలకు రోజుకు 55 లీటర్ల చొప్పున కుళాయి నీరు ఇవ్వాలని లక్ష్యంగా పెట్టుకుని, నిర్వహణ భారాన్ని గ్రామపంచాయతీకీ గ్రామ నీరు–పారిశుధ్య కమిటీకీ అప్పగించింది. ఊరిలోపలి పనుల ఖర్చులో సాధారణంగా నూటికి 10 వంతులు, కొండ, అటవీ ప్రాంతాలలోనూ ఎస్సీ, ఎస్టీ జనాభా అధికంగా ఉన్న గ్రామాలలోనూ 5 వంతులు ప్రజల వాటాగా ఉండాలన్నది దాని నియమం. వాటా పెట్టినవారికి లెక్క అడిగే హక్కు సహజంగానే ఉంటుంది. కుళాయి రుసుము పెంచే తీర్మానం గ్రామసభకు వచ్చిన రోజున కరెంటు బిల్లులు, పంపు నడిపే మనిషి జీతం, క్లోరిన్ ఖర్చు, మోటారు మరమ్మతు రసీదులు, రద్దీ రోజులలో ట్యాంకరు ఎన్ని తడవలు తిరిగిందో రాసిన చిట్టా, వసూలైనదెంత, ఎవరి బకాయి ఎంత అన్న పట్టికను సభకు పది రోజుల ముందు పంచాయతీ గోడకు అంటించాలని నియమం పెట్టుకుంటే, కర్నూలు మండలి కరెంటుకు చేస్తున్న పనిలో సగం ఆ గోడ దగ్గరే జరుగుతుంది. అభ్యంతరాలను, వాటికి ఇచ్చిన జవాబులను తీర్మానపు పుస్తకంలో పక్కపక్కన రాయించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, కొత్త చట్టమూ అక్కరలేదు.